పిల్లి ఎదురైన కారు

గాజులపేట జంక్షన్‌లో ట్రయల్ కారు ఉన్నట్టుండి ఆగిపోయి, ఇక కదలనంటే కదలనంది. ఎదురుగా ఏ అడ్డూ లేదు. అంతకు క్షణం ముందు ఒక పిల్లి రోడ్డు దాటి గోడ దూకింది, అంతే. వెనక సీట్లో ఉన్న డాక్టర్ కృపాకర్ స్క్రీన్ మీద సంగతి చూసి తల పట్టుకున్నాడు.

డ్రైవర్ అక్కర్లేని ఈ ‘రథిక’ కారును తయారుచేసింది ఆయనే. మన డ్రైవర్లు బండి నడుపుతుండగా తీసిన వీడియోలను దాని కంప్యూటర్‌కు చూపించాడు. చూసి నేర్చుకోవడమే దాని చదువు. పిల్లి ఎదురొస్తే మనవాళ్లు ఏం చేస్తారు? ఆగుతారు. ఇంకో బండి ముందు దాటాక గానీ కదలరు. ఆ అపశకునమేదో ముందు వెళ్లినవాడికి తగలాలి కదా! కారు పాపం బుద్ధిగా అదీ నేర్చుకుంది.

దాన్ని మాన్పించాలంటే ఏడాది పని. పోటీ కంపెనీ ‘తురగ’ అప్పటికే లైసెన్సుకు సిద్ధంగా ఉంది. పైగా వాళ్ల కారులో ఉన్నది కృపాకర్ దగ్గర కాజేసిన ప్రోగ్రామే. ఈ జబ్బు వాళ్లకూ ఉంటుందని ఆయనకు తెలుసు. చెప్పలేదు. ఏదో ఒక రోజు నడిరోడ్డు మీద వాళ్ల పరువు పోతే కళ్లారా చూడాలనుకున్నాడు.

తన పరువు కోసం మాత్రం నగరపాలకులకు ఒక సలహా ఇచ్చాడు. పిల్లులు చక్రాల కింద పడి చావకుండా వాటిని ఇళ్లలోనే ఉంచాలన్నాడు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. అయినా జీవకారుణ్యం అనేసరికి అందరూ చప్పట్లు కొట్టారు, చట్టం వచ్చింది.

ఆయన భార్య మణిమాల మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె పెంచుకునే బూరె అనే పిల్లి తిండి మానేసి, రోజంతా కిటికీ జాలీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చునేది.

“ఏమండీ, ఇదంతా దాని మంచికేనా?”

“బయట తిరిగితే చస్తుంది మాలా. లోపలుంటే నాలుగు కాలాలు బతుకుతుంది.”

“చావకపోతే బతికినట్టేనా? మీ కారుకి బుద్ధి చెప్పుకోలేక దీనికి జైలు వేశారు.”

కృపాకర్ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

రోడ్ల మీద పిల్లులు లేకపోయాక ఆ లోపం సంగతి ఆయన కూడా వదిలేశాడు. కొన్నేళ్లకు నగరంలో అంబులెన్సులతో సహా ఈ రెండు కంపెనీల బండ్లే మిగిలాయి. వాటికి స్టీరింగ్ కూడా లేదు.

ఒక సాయంత్రం మణిమాలకు ఉబ్బసం ముదిరింది. ఇన్‌హేలర్‌కు లొంగలేదు. కృపాకర్ ఆమెను ఎత్తుకుని గబగబా కారెక్కించాడు. ఆ కంగారులో వీధి తలుపు వేయలేదు. కారు సందులో నాలుగు గజాలు కదిలిందో లేదో, బయటపడ్డ బూరె దాని ముందు నుంచి అడ్డంగా పరిగెత్తింది.

కారు ఆగిపోయింది.

“పోవే! పోవే తల్లీ!” అని కృపాకర్ డాష్‌బోర్డును గుద్దాడు. మణిమాల పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆమె ఆయన చొక్కాను పిడికిట పట్టుకుంది. పెద్దాసుపత్రి ఎత్తుకుని పరిగెత్తేంత దగ్గర్లో లేదు.

ఎదురుగా ఒక తురగ కారు వస్తూ కనిపించింది. అది ఒక్కటి దాటితే చాలు. ఆ పేరు వింటేనే ఒళ్లు మండే మనిషి దానికి చేతులెత్తి మొక్కాడు. కానీ బూరె పరిగెత్తింది దాని ముందు నుంచి కూడా. అదీ ఆగింది.

ముందు నేనంటే నేనని ఇన్నేళ్లు కొట్టుకున్న రెండు కంపెనీల కార్లు, నువ్వు ముందంటే నువ్వు ముందని ఆ సందులో ఎదురెదురుగా నిలబడ్డాయి. కాసేపటికి మణిమాల చెయ్యి ఆయన చొక్కాను వదిలేసింది.