వంతు జ్వరం

మేఘం కొండ దిగుతుంటే తురవ లోయలో పనులన్నీ ఆగిపోయాయి. రొట్టెలు కాలుస్తున్న ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు. ఏటికి ఇవతల కాపలా కాస్తున్న సైనికులూ, అవతలి గట్టున ఉన్న వాళ్ల శత్రువులూ తుపాకులు నేలమీద పెట్టి తలలెత్తారు. వెండిరంగు ఔషధమేఘం మెల్లగా ఇళ్లమీదికి వాలింది. అందరూ గుండెల నిండా గాలి పీల్చుకున్నారు.

నర్సు గౌరీశ్వరి వారం వారం చూసే దృశ్యమే ఇది. అయినా ప్రతిసారీ ఆమెకు ఒళ్లు పులకరిస్తుంది. మనుషులు ఇంత గొప్ప పని చేయగలిగారా అని కళ్లు చెమరుస్తాయి. శ్రీకాకుళం నుంచి ఇంత దూరం వచ్చినందుకు ఇది చాలనుకుంటుంది.

బూడిదజ్వరం ప్రపంచమంతా పాకినప్పుడు, యుద్ధాలు జరిగే దేశాలకు మందు చేర్చడం ఎవరివల్లా కాలేదు. రోడ్లు తెగిపోయాయి, ఆసుపత్రులు కూలిపోయాయి. అప్పుడు పుట్టింది ఔషధమేఘం. అది ఊపిరితో లోపలికి వెళ్లి ఉన్న జ్వరాన్ని తీసేస్తుంది, కొత్తగా రాకుండా మాత్రం ఆపలేదు. దానికి పేలుడు పొగ అస్సలు పడదు. ఒక్క గుండు పేలినా అందులోని రేణువులు చచ్చి నేలరాలతాయి. అందుకే జ్వరం ఉన్నచోట తుపాకి పేల్చకూడదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాయి. రోగం తమకూ అంటుకుంటుందన్న భయంతో పోరాడేవాళ్లూ తలొగ్గారు. జ్వరం పోతే మేఘం ఇంకో చోటికి వెళ్లిపోతుంది, ఒప్పందమూ అక్కడితో సరి.

లోయలో రోగులు ఉన్నారో లేరో ఆ సాయంత్రంలోగా గౌరీశ్వరి, మేఘాన్ని ఎక్కడికి పంపాలో చూసుకునే మేఘపాలకులకు చెప్పాలి. ఎన్నిసార్లు మేఘం దిగినా ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు. అదీ ప్రతివారం వేరే ఇంట్లో. ఇవాళ ఆ సంగతేమిటో తేల్చుకుందామని ఆమె వీధివెంట నడిచింది. ఒక్క ఇంటి తలుపు మూసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లింది.

నేలమాళిగ మూత మీద తడిగుడ్డలు కప్పి ఉన్నాయి. బాంబుల నుంచి దాక్కోవడానికి తవ్వుకున్న చోటు అది. మందు నుంచి దాక్కోవడానికి కూడా వాడతారని ఆమె కలలో అనుకోలేదు. కింద యేలిన్ అనే పడుచు జ్వరంతో పడుకుని ఉంది. పక్కనే ఆమె తల్లి ఒర్సా, కూతురు తాగి విడిచిన గిన్నె పట్టుకుని కూర్చుంది.

"ఆ గిన్నె కింద పెట్టమ్మా," అంది గౌరీశ్వరి.

ఆమె చెవిలోని మాటమార్పిడి యంత్రం ఎవరి మాటనైనా వినేవాళ్ల ఇంటిభాషలో వినిపిస్తుంది. ఒర్సా మాట సొంత మేనత్త మాట్లాడినట్టే ఉంది.

"నాను పెట్టనమ్మా. ఈ వారం మా ఇంటి వంతు. దీనికి నయమైపోయేలోగా నాను అందుకోవాల."

"వంతేమిటి?"

"పొలానికి నీల్ల వంతులుండవేటి? అలాగే. జొరం పోతే మబ్బు రాదు. మబ్బు రాకపోతే మల్లీ గుండ్లే. అందుకే ఒకింట్లో ఆరిపోకముందే ఇంకో ఇంటోలు, పొయ్యిలోకి నిప్పడిగి తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటన్నాం."

గౌరీశ్వరికి కోపం ముంచుకొచ్చింది. "ప్రాణాలతో చెలగాటమమ్మా ఇది. ఎవరూ చావలేదా?"

"ఇద్దరు సచ్చిపోనారు. గుండ్లు పడినప్పుడు ఎందరు పోనారో లెక్కెట్టినోలే నేరు. ఇప్పుడు మంత్రసాని బయంనేకుండా వత్తంది. పిల్లలకి తట్టుసూదులేయించాం. బావి బాగుసేసుకున్నాం. జొరమొచ్చినకాడి నుంచే మా ఊరు ఆరోగ్యంగా ఉంది."

అందులో అబద్ధం లేదు. మేఘాన్ని తయారుచేసినవాళ్లు గాలివేగం లెక్కవేశారు, రేణువు బరువు లెక్కవేశారు. జనం జ్వరాన్ని ఇలా సాకుతారని మాత్రం వాళ్లకు తట్టలేదు.

"నీ వయసులో వస్తే, మందు అందకుండా వారం బతకవు," అంది గౌరీశ్వరి.

"తెలుసు. ఒకసారి వచ్చినోలకి మల్లీ రాదు. ఈ గట్టున ఇంక మిగిలింది నానూ, సంటిపిల్లలూ. ఆల్లకి అంటించమంటావేటి?"

"గిన్నె లాగేసుకో అక్కా," అంది యేలిన్ ఏడుస్తూ.

గౌరీశ్వరి గిన్నె వైపు వంగి ఆగింది. లాక్కుంటే లోయంతా మళ్లీ గుండ్ల కిందికి పోతుంది. ఊరుకుంటే ఈ ముసలామె పోతుంది.

నిచ్చెన కిర్రుమంది. దిగినవాడు నడివయసు సైనికుడు. చొక్కా మీద అవతలి గట్టు ఫిరంగిదళం గుర్తు ఉంది. చేతిలో ఆయుధం లేదు. అతని మాట కూడా గౌరీశ్వరికి అదే యాసలో వినిపించింది.

"మీ గట్టున వంతుకి మనుషులైపోనారని తెలిసింది. ఇకనుంచి మా గట్టు వంతు. నాకింకా జొరం రానేదు."

"ఎవులు పంపినారు నిన్ను?" అంది ఒర్సా.

"ఎవులూ పంపనేదు. మా ఊల్లో నాను ముందెల్తానన్నాను. మాకూ పిల్లలున్నారు కదా."

"మా ఆయన మీ గుండుకే పోనాడు."

సైనికుడు తల దించుకున్నాడు. "నాను పేల్సిందే అయుండొచ్చు."

ఒర్సా ఒకసారి కూతురి వైపు, ఒకసారి అతని వైపు చూసింది. చివరికి గిన్నె నేలమీద పెట్టింది.

మేఘపాలకుల గొంతు గౌరీశ్వరి చెవిలో పలికింది. "తురవ లోయలో రోగులు ఉన్నారా?"

"ఉన్నారు," అంది గౌరీశ్వరి. "వచ్చేవారం కూడా మేఘాన్ని పంపండి."

సైనికుడు గిన్నె కోసం చేయి చాచాడు. ఒర్సా ఆ చేతిని పక్కకు నెట్టి, గుడ్డలో చుట్టి ఉంచిన రొట్టె తీసి అతనికి ఇచ్చింది.

"ముందు ఇది తిను," అంది. "కాలీ కడుపుతో జొరానికి ఆగనేవు."