తల ఊపకండి

"ఈ బోర్డుకి లామినేషన్ చేయించింది ఎవరు?"

ల్యాబ్ గుమ్మంలో నిలబడి అతను అడిగిన తీరుకి, టీ తాగుతున్నవాళ్ళంతా ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు. ఆమె మాత్రం సంబరంగా చెయ్యెత్తింది. ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు. ఆ నలుపు తెలుపు గళ్ళ కాగితం అంచులు లేచిపోతుంటే చూడలేక, భోజనం మానుకుని మరీ చేయించుకొచ్చింది.

"నేనేనండీ. బావుంది కదా?"

"అద్దంలా ఉంది. అదే నా ఏడుపు. హెడ్‌సెట్‌లో రెండు కెమెరాలూ ఈ గళ్ళ మూలలు చూసే ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. ఇప్పుడు వాటికి గళ్ళు కనబడవు, ట్యూబ్‌లైటు కనబడుతుంది. పొద్దుట్నించీ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు."

ఆమె నాలుక కరుచుకుంది. ఆఫీసంతా అతన్ని గళ్ళబాబు అని ఎందుకంటారో అప్పుడర్థమైంది.

ఆమె పని ఫ్రేమ్. కళ్ళు మూసేసే ఆ హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి ఎదురుగా ఉన్నది నేరుగా కనబడదు. ముందున్న రెండు కెమెరాలు ఏం చూస్తే అదే వాళ్ళ కళ్ళకి కనబడుతుంది. ఆ కెమెరాలని మోసే ఫ్రేమ్‌ని ఆమె రెండు నెలలు కష్టపడి సగానికి సగం తేలిక చేసింది. ఏళ్ళ తరబడి మెడనొప్పితో బాధపడే నాన్నని చూస్తూ పెరిగింది కనుక, బరువంటే ఆమెకి పగ.

తీరా మొదటి పరీక్షే బెడిసికొట్టింది. టీమ్ పెద్ద మేడమ్ హెడ్‌సెట్ పెట్టుకుని, జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయబోయింది. గ్లాసు గ్లాసులాగే ఉంది, నీళ్ళు మాత్రం మేడమ్ ఒళ్ళో ఉన్నాయి.

"కొత్త ఫ్రేమ్ వంగుతోందేమో," అంది మేడమ్, చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ. "శుక్రవారం కూడా ఇలాగే అయితే పాత ఫ్రేమే వాడేద్దాం. నీకు వేరే పనేదైనా చూస్తాలే."

ఆ సాయంత్రం బయట వాన దంచుతుంటే, ఆమె ధైర్యం కూడగట్టుకుని ల్యాబ్‌లో అతని దగ్గరికి వెళ్ళింది.

"పోట్లాటకి రాలేదు, ఒక్క మాట అడిగి పోతాను. హెడ్‌సెట్‌ని మీరు స్టాండు మీద పెట్టే సరిచేస్తారా?"

"అవును. స్టాండు కదలదు, తుమ్మదు, అడక్కుండా లామినేషన్ చేయించదు."

"సరే, పడతాను. మరి పట్టీ బిగించరా?"

"స్టాండుకి తల ఏదండీ, బిగించడానికి?"

ఆ మాట అనేసి తనే ఆగిపోయాడు. తర్వాత కుర్చీ లాగి, "కూర్చోండి," అన్నాడు చిన్నగా.

మేడమ్ తల మీద అదే జరిగింది. పట్టీ బిగించగానే ఫ్రేమ్ వెంట్రుకవాసి విచ్చుకుంది. రెండు కెమెరాలూ అలకబూనిన ఆలుమగల్లా చెరోవైపు చూశాయి. అతను ఆమె తల మీదే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాడు.

"కదలకండి. తల ఊపకండి. నవ్వితే అసలే ఒప్పుకోను."

గళ్ళ బోర్డు ఎడమకీ కుడికీ తిరుగుతుంటే, దాని వెనకనుంచి అతని మొహం సగం సగం కనబడుతోంది. నవ్వాపుకోవడం ఇంత కష్టమని ఆమెకి తెలీదు.

శుక్రవారం మేడమ్ చుక్క ఒలకకుండా గ్లాసు నింపింది. అందరూ చప్పట్లు కొడుతుంటే అతను గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, మొదటిసారి తప్పు నాది. తలకి బిగించి చూడాల్సింది, చూడలేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఆ నింద ఈవిడ ఫ్రేమ్ మీద పడింది. కనిపెట్టింది కూడా ఈవిడే."

ఊరుకుంటే అతన్ని అడిగేవాళ్ళు లేరు. అయినా చెప్పాడు. ఆ కృతజ్ఞతలో ఆమె థాంక్స్ చెప్పడం కూడా మరిచిపోయింది. ఇంటికెళ్ళి నాన్నకి చెబితే, ఆయన మెడపట్టీ సర్దుకుంటూ, "అలాంటివాణ్ణి భోజనానికి పిలవకుండా వచ్చావా," అని కసిరాడు.

ఇకమీదట ప్రతి హెడ్‌సెట్‌నీ తలకి బిగించే సరిచెయ్యాలన్నారు. ప్లాస్టిక్ తల ఒకటి ఆర్డరిచ్చారు. అది వచ్చేదాకా ఆమె రోజూ సాయంత్రం వెళ్ళి కదలకుండా కూర్చునేది. ఎందుకోగాని ఆ తల ఎంతకీ రాలేదు.

ఒకరోజు కేబుల్ కోసం బీరువా వెనక చెయ్యి పెడితే అట్టపెట్టె తగిలింది. లోపల నున్నటి బట్టతల.

"ఇదెప్పుడొచ్చింది?"

దొంగ దొరికిపోయాడు. "పోయిన నెల."

"మరి నన్నెందుకు కూర్చోబెడుతున్నారు?"

"అది కదలదండీ."

"కదలకూడదనేగా కొన్నది?"

"నవ్వాపుకోదు. బోర్డు వంకరగా పట్టుకున్నారని సతాయించదు. దానితో పని ఇట్టే అయిపోతుంది. అందుకే దాచాను."

ఆమె పెట్టె మూసి పక్కన పెట్టింది. హెడ్‌సెట్ తనే తగిలించుకుని, పట్టీ బిగించుకుని కూర్చుంది.

"కానివ్వండి."

బోర్డు లేచింది. ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. చివరికి దాని వెనకనుంచి మాట వచ్చింది.

"మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు సరేనంటే మీ ఇంటికొచ్చి అడుగుతాను. జవాబు తర్వాత చెబుదురుగాని, ఇప్పుడు మాత్రం తల ఊపకండి. ఇంకొక్క నిమిషంలో అయిపోతుంది."

"ఆదివారం భోజనానికి రండి, మా నాన్న పిలవమన్నారు," అంది ఆమె. "నెలన్నర క్రితం."

అని, తల ఊపింది. గట్టిగా, పట్టీ జారేలా ఊపింది.

స్క్రీన్ మీద గళ్ళన్నీ చెదిరిపోయాయి. అతను బోర్డు దించి ఆ స్క్రీన్‌నీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"పొద్దుట్నించీ చేసిందంతా పోయింది," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "చాలా థాంక్సండీ."