ఏడో మంచం దగ్గరి తగువు

"ఏడో మంచం మానిటర్ సెట్టింగు మారుస్తున్నది ఎవరు?"

వార్డులోకి అడుగు పెడుతూనే అడిగాడు ఇంజినీరు. ఆ ఆసుపత్రిలో కొత్త మానిటర్లు బిగించి వారమైంది. నాలుగు రోజులుగా ఎవరో ఆ ఒక్క మంచం దగ్గరే సెట్టింగు మారుస్తున్నారు. అతను తన గదిలో కూర్చుని సరిచేస్తాడు. గంట తిరక్కుండా మళ్లీ మారిపోతుంది.

"నేనే," అంది నర్సు, మందుల ట్రే సర్దుకుంటూ. "దాన్ని తిరగమార్చేస్తున్న మహానుభావులు తమరేనా?"

దారి పొడుగునా కూడగట్టుకొచ్చిన కోపం ఆ 'మహానుభావులు' దగ్గర కాలు జారింది.

"చూడండి సిస్టర్. గుండె వేగాన్ని మానిటర్ రెండు చోట్ల నుంచి తీసుకోగలదు. ఛాతీ మీది ఈసీజీ వైర్ల నుంచి, లేదా వేలికి పెట్టే క్లిప్పు నుంచి. ఈసీజీయే ఎక్కువ నమ్మకం. మా పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"మీ పుస్తకానికి చేతులు వణకవు కదండీ!"

"అంటే?"

"అంటే, ఇలా రండి."

ఏడో మంచం మీద ఒక ముసలి దర్జీ ఉన్నాడు. వణుకు జబ్బు. కుడి చెయ్యి భుజం దాకా ఆగకుండా వణుకుతోంది. తెర మీద గుండె వేగం నూట డెబ్బై. అలారం గగ్గోలు పెడుతోంది. తాత మాత్రం తాపీగా కిటికీలోంచి వాన చూస్తున్నాడు.

నర్సు ఆయన ఎడమ చెయ్యి ఇంజినీరుకి అందించింది. "నాడి లెక్కపెట్టండి."

"నాకు రాదే."

"ఏం, అంకెలు రావా?"

తాత కిసుక్కున నవ్వాడు. ఇంజినీరు బిడియంగా మణికట్టు పట్టుకున్నాడు.

"బొటనవేలితో కాదు." ఆమె అతని వేళ్లు సరిచేసింది. "దానికి దాని నాడి ఉంటుంది. తాతగారిది వదిలేసి మీదే లెక్కపెట్టుకుంటారు."

ఆ క్షణంలో తన నాడి ఎంత వేగంగా ఉందో ఇంజినీరు తెలుసుకోదలచుకోలేదు. ఆమె గడియారం చూస్తుంటే నిమిషం పాటు లెక్కపెట్టాడు. డెబ్బై ఆరు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాడు. డెబ్బై ఐదు.

"వణుకుని కూడా గుండె చప్పుడనుకుంటోందా ఇది?"

"అందుకే క్లిప్పు చెవికి పెట్టి, అంకె అక్కణ్ణుంచి తీసుకోమన్నాను. మీరేమో పట్టుదలగా మార్చేస్తున్నారు." ఆమె గొంతు తగ్గించింది. "డాక్టరుగారికి చెప్పాను. రికార్డులో నూట డెబ్బై ఉంటే ఎలా కాదంటావన్నారు. రేపు పొద్దున్నుంచి గుండె వేగం తగ్గించే మందు మొదలు. సరిగ్గా నడుస్తున్న గుండెకి ఆ మందు పడితే తట్టుకునే వయసా ఇది?"

ఇంజినీరు ఒక కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు.

భోజనం అయ్యాక తాతకి కునుకు పట్టింది. వణుకు మెల్లగా ఆగింది. ఆ వెంటే తెర మీది అంకె కూడా దిగింది. డెబ్బై నాలుగు.

"సిస్టర్! నిద్రలో వణుకు ఆగిపోతుందా?"

"ఈ జబ్బులో మామూలే. ఎందుకు?"

"నాలుగు రోజుల రికార్డు తీస్తాను. పడుకున్నప్పుడు ఈసీజీ అంకె, చెవి అంకె ఒకటే ఉండాలి. మెలకువలో మాత్రమే తేడా రావాలి."

అలాగే ఉంది. ఇద్దరూ ఆ కాగితాలతో డాక్టరు గదికి వెళ్లారు. ఆయన అన్నీ తిరగేసి కళ్లజోడు తీశాడు.

"మరి తప్పెవరిది? మెషీన్‌దా?"

అవునంటే సరిపోయేది. ఇంజినీరు తల అడ్డంగా ఊపాడు. "నాదండీ. అన్ని మంచాలకీ ఒకటే సెట్టింగు పెట్టాను. మంచం మీద ఎవరున్నారో చూడలేదు. సిస్టర్ సరిచేసిన ప్రతిసారీ నేనే చెడగొట్టాను."

డాక్టరు వచ్చి తాత నాడి తానే చూశాడు. చెయ్యి కదలకుండా పట్టించి మరోసారి ఈసీజీ తీయించాడు. చీటీలోంచి ఆ మందు తీసేశాడు. వారానికల్లా తాత కర్ర పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లాడు.

తాత వెళ్లాక కూడా ఇంజినీరు రాకపోకలు మాత్రం ఆగలేదు. ఒకరోజు వైరు చూడాలన్నాడు, ఇంకోరోజు ప్లగ్గన్నాడు. నర్సు అన్నీ చూసీ చూడనట్టు ఊరుకుంది. నెల్లాళ్లకి అతని పని పూర్తయింది. అయినా వార్డుకి వచ్చాడు.

"ఇవాళ దేనికి రోగమొచ్చింది?" అంది.

"మెషీన్లన్నీ బాగున్నాయి." అతను చెప్పులకేసి చూశాడు. "రేపట్నుంచి వేరే ఊళ్లో పని. మిమ్మల్ని చూడకుండా ఎలాగా అని... మీరంటే నాకిష్టం. మీకూ ఉందేమో తెలుసుకుందామని..."

"ఎవరు చెప్పారు ఉందని?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆదివారం భోజనానికి రండి. మా నాన్న ఒక పట్టాన ఎవర్నీ నమ్మరు. జాగ్రత్త."

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెమటలు కక్కుతూ తలుపు తట్టాడు. తీసిన పెద్దాయన అతన్ని కిందికీ పైకీ చూసి లోపలికి కేకేశాడు.

"అమ్మాయ్! డాక్టరు ముందు తప్పు నాదేనని ఒప్పుకున్నాడని నెల్లాళ్లుగా మా బుర్ర తినేస్తున్నావే, ఆ అబ్బాయి ఇతనేనా?"

లోపల గిన్నె ఏదో కింద పడింది. "నాన్నా!"

"రా బాబూ, రా," అన్నాడు పెద్దాయన, తలుపు బార్లా తెరుస్తూ.