బీట్‌రూట్ తినని మనిషి

తెల్లవారేసరికి వాన వెలిసింది. వంటగది మూలన పెట్టిన బేసిన్ నిండిపోయింది. ఓరీస్యా దాన్ని పెరట్లో పారబోసి, తెచ్చి మళ్ళీ అదే మూలన పెట్టి, ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఇవాళ ఆమె భర్త నెస్తోర్ సంవత్సరీకం. యుద్ధంలో పోయి ఏడాది అయింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా భోజనానికి వస్తుంది.

బల్ల మీద నెస్తోర్ ఫొటో, దాని ముందు ఖాళీ పళ్ళెం, నిండు గ్లాసు, గ్లాసు మీద నల్ల రొట్టె ముక్క. తేనె కలిపిన గోధుమలు ఓరీస్యా తల్లి పరాస్కా పొద్దున్నే ఉడికించి పెట్టింది. సెలవు మీద వచ్చిన తమ్ముడు యరేమా బూట్లు కూడా విప్పకుండా సోఫాలో నిద్రపోతున్నాడు. బావా బావమరిదీ ఒకే దళంలో, ఒకే కందకంలో ఉండేవారు. యరేమా తుపాకీ పట్టడమే కాదు, రాస్తాడు కూడా. ఫోన్‌లో అతను రాసి పెట్టేవి జిల్లా అంతా చదువుతుంది. నెల కిందట బావ ఆఖరి ఉదయం గురించి రాశాడు. ఊరు ఊరంతా కళ్ళు తుడుచుకుంది. ఏడ్చేవాళ్ళకేం, ఎవరి మొగుడైతేనేం?

గేటు చప్పుడైంది. పక్కింటి హాప్కా పెద్ద గిన్నె నిండా బీట్‌రూట్ చారు మోసుకుంటూ వచ్చింది.

"బోర్ష్ తెచ్చానే తల్లీ! బీట్‌రూట్ దండిగా వేశాను, చూడు ఎంత ఎర్రగా వచ్చిందో. పాపం, 'మా ఓరీస్యా చేతి బోర్ష్ ఒక్క గరిటె తింటే చాలు' అన్నాడటగా పోయేముందు! చదివి ఎంత ఏడ్చానో."

ఆవిడ అటు వెళ్ళిందో లేదో ఇంకొకావిడ వచ్చింది. ఆ వెనకే మరొకావిడ. పొయ్యి మీద, కిటికీలో, ఆఖరికి కుట్టుమిషను మీద కూడా బోర్ష్ గిన్నెలే. పరాస్కా ఫొటో ముందున్న ఖాళీ పళ్ళెం బోర్ష్‌తో నింపింది.

ఓరీస్యాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పళ్ళెం ఎత్తుకెళ్ళి కుక్క ముందు కుమ్మరించింది.

"పిచ్చి గానీ పట్టిందా నీకు? పోయినవాడి పళ్ళెమే అది!" అంది పరాస్కా.

"పోయినవాడు నా మొగుడమ్మా! బీట్‌రూట్ వాసనకే ముక్కు మూసుకునేవాడు. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో తిన్నాడు, నువ్వు వడ్డించావు. నీకూ గుర్తు లేదా?"

పరాస్కా గుడ్డ తీసి బల్ల తుడవసాగింది. గుర్తుంది. కానీ కొడుకు రాసింది అందంగా ఉంది.

ఓరీస్యా సోఫా దగ్గరికి వెళ్ళి తమ్ముడి మీది దుప్పటి లాగేసింది.

"లే రా! లే, మహా రచయితా! నీ పాఠకులు వచ్చారు, గిన్నెలతో సహా!"

యరేమా ఉలిక్కిపడి లేచి, చెయ్యి పక్కకు చాపి తుపాకీ కోసం తడుముకున్నాడు. తర్వాత అక్క మొహం చూశాడు.

"బావకి బీట్‌రూట్ పడదని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరెందుకు రాశావు?"

"జనం చదవాలని అక్కా. చదివితేనే గుర్తుపెట్టుకుంటారు."

"ఎవర్ని గుర్తుపెట్టుకుంటారు రా? బోర్ష్ తినే ఇంకెవడినో! నా మొగుణ్ణి మట్టి ఒకసారి మింగింది, నువ్వు ఇంకోసారి మింగావు!"

"కాస్త మెల్లగా మాట్లాడవే, వీధిలో వింటారు..." అంది పరాస్కా.

"విననీ! ఈ ఒక్క ముక్క అబద్ధమైతే మిగతాదంతా అబద్ధమే. 'ఓరీస్యా పేరు తలుచుకుని నవ్వాడు' అని రాశావే, అదీ అంతేగా? ముందురోజు ఫోన్‌లో ఏం జరిగిందో నాకు తెలీదా? డ్రోన్ పడి పైకప్పు రేకు పగిలితే నేనే ఎక్కి కొత్తది వేశాను. తడి రేకు ఎందుకెక్కావని అరిచాడు. 'నువ్వొచ్చి వేస్తావా? నీ పని నువ్వు చూసుకో' అని ఫోన్ పెట్టేశాను. తను మళ్ళీ చెయ్యలేదు. నా మీద కోపంతోనే పోయాడు కదూ? నేను తట్టుకోలేనని బోర్ష్ పోసి కప్పెట్టావు. చెప్పరా! ఏడాదిగా చస్తున్నాను నేను."

యరేమా తల వంచుకున్నాడు. కాగితం మీద దేన్నైనా చెప్పగలడు గానీ, అక్క మొహంలోకి చూస్తూ చెప్పడం అతనికి చేతకాలేదు. తన బూట్లనే చూస్తూ చెప్పాడు.

"కోపంగానే ఉన్నాడు."

ఓరీస్యా కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"మాకు సిగ్నల్ పోయిందక్కా, లేకపోతే మళ్ళీ చేసేవాడే. పొద్దున్నుంచీ నిన్ను తిడుతూనే ఉన్నాడు. కందకం తవ్వుతూ తిట్టాడు, టీ కాస్తూ తిట్టాడు. అవి రాస్తే ఏం బాగుంటుందని..."

"ఏమని తిట్టాడు?"

"వద్దులే అక్కా."

"ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను."

"'మొండిఘటం! పిల్లికైనా బుద్ధి ఉంటుంది, తడి రేకు ఎక్కదు. జారిపడి నడుం విరిగితే ఎవడు చూస్తాడు దీన్ని?' అన్నాడు. ఇంకా... 'సిగ్నల్ రానీ, కడిగేస్తాను. మేకు రేకు అలల ఎత్తు మీద కొట్టాలి, నీళ్ళు పారే పల్లంలో కాదు. అది కచ్చితంగా పల్లంలో కొట్టుంటుంది, చూస్తూండు. వానొస్తే వంటగదంతా కారుతుంది' అన్నాడు. ఆ మాట అంటుండగానే... షెల్ పడింది."

వంటగది మూలన బేసిన్‌లో టప్పున చుక్క పడింది. వాన వెలిసినా రేకు మీది నీళ్ళు ఇంకా జారుతున్నాయి. ముగ్గురూ అటు చూశారు.

ఓరీస్యాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. పాతిపెట్టిన రోజు కూడా రాని ఏడుపు.

"పల్లంలోనే కొట్టాను రా," అంది, తమ్ముడి చొక్కా రెండు చేతులా పట్టుకుని. "పల్లంలోనే కొట్టాను."

యరేమా అక్కను దగ్గరికి తీసుకున్నాడు. "తప్పయిపోయింది అక్కా," అన్నాడు. పరాస్కా బోర్ష్ గిన్నెలన్నిటినీ వరండాలోకి చేర్చి, అల్లుడికి ఇష్టమైన బంగాళాదుంపలు వేయించి, ఆ పళ్ళెం కడిగి అందులో పెట్టింది.

కాసేపటికి ఓరీస్యా ముక్కు తుడుచుకుని లేచింది.

"ఆ తిట్లన్నీ రాయి. ఒక్కటీ వదలకు. ఊరంతా చదవాలి," అంది. "ముందు నిచ్చెన తీసుకురా. ఆ మేకు పీకి సరిగ్గా కొడదాం."

"ఇప్పుడా? రేకు ఇంకా తడిగా ఉంది."

ఓరీస్యా ఫొటో వైపు తిరిగింది.

"సరేలే, ఎక్కనులే," అంది నెస్తోర్‌తో. "ఆరాకే ఎక్కుతాను."