క్రిస్టినాకు రాయని ఫిష్‌పాండ్

రాబిన్సన్ సంబంధం వద్దని క్రిస్టినా చెప్పేసింది.

ఆదివారం ఆరాధన ముగిశాక రాబిన్సన్ తల్లి మంగతాయి చర్చి నుంచి నేరుగా క్రిస్టినా వాళ్ల క్వార్టర్‌కు వచ్చింది. విషయం చెప్పింది. చాయ్ సాసర్‌లో పోసుకుంది. అప్పుడే జవాబు వచ్చింది. సాసర్ కింద పెట్టేసింది.

"ఎందుకు వద్దు బిడ్డా? నా కొడుకు తాగడు. కేబుల్ ఆఫీసుల నౌకరి. లాల్‌పేటల వాని గొంతు తెల్వనోళ్లు లేరు."

"ఆ గొంతుతోనే అత్తా, క్లాసుల అందరి మీద చదివిండు. నా మీద చదవలే."

"ఏం చదవలే?"

"ఫిష్‌పాండ్."

క్రిస్టినా తండ్రి అబ్బయ్య బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "చాపల చెరువు నడుమ ఎక్కడికెల్లి వచ్చిందే?" అని భార్యను అడిగాడు. బాలమ్మకూ తెలియదు.

"ఏమో వదినా, దీని కోపాలు దీనికే తెలుసు," అన్నది మంగతాయితో.

మంగతాయి లేచింది. చాయ్ అలాగే ఉంది.

చంద్రపూర్ బడుల్లో పదో తరగతిని సాగనంపే రోజు ఫిష్‌పాండ్ ఉంటుంది. ఒక మట్టికుండ పెడతారు. తరగతిలో ఒక్కొక్కరి మీద రెండు ముక్కలు రాసి, ఆ చీటీలు కుండలో వేస్తారు. గాలపు కర్రతో ఒక్కో చీటీ లాగి చదువుతారు. ఎవరి మీద చదివితే వాళ్లు లేచి నిలబడాలి. కోపం తెచ్చుకోకూడదు. రాసింది ఎవరని అడగకూడదు.

1989లో వాళ్ల తరగతి వంతు వచ్చినప్పుడు అడిగే అవసరం రాలేదు. మరాఠీ చెప్పే అనంతరావు సర్ రాసే పనీ చదివే పనీ రాబిన్సన్‌కే అప్పజెప్పారు.

కిరాణా దుకాణం వాళ్లబ్బాయి ఓంప్రకాష్ మీద ఇలా వచ్చింది: "అక్బర్ ఎప్పుడు గద్దెనెక్కాడని అడగండి. చెప్తాడు. చెప్పి, ఇంకేం ఇయ్యాలె అంటాడు." చంద్రకళ మీద: "రహస్యం దాచటం ఒక్కరి వల్ల కాదని పదిమంది సాయం తీసుకుంటుంది." విసాపూర్ నుంచి వచ్చే రాజలింగు మీద: "ప్యాసింజర్ లేటయింది సర్ అంటాడు. వచ్చేది సైకిల్ మీద."

ఎవరి మీద చదివితే వాళ్లే ఎక్కువ నవ్వారు. రాజలింగు ఆ చీటీ అడిగి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

ముందురోజు క్రిస్టినా రెండు రిబ్బన్లు ఇస్త్రీ చేసుకుంది. లేచి నిలబడ్డాక నవ్వాలా, మూతి ముడవాలా అని అద్దం ముందు రెండూ చేసి చూసుకుంది. నవ్వుదామని తేల్చుకుంది.

చీటీలు అయిపోయాయి. గాలపు కర్ర రాబిన్సన్ చేతిలోనే ఉంది. అనంతరావు సర్ కుండ బోర్లించారు. ఏమీ పడలేదు. పిల్లలందరూ సమోసాల కోసం బయటికి పరుగెత్తారు. ఒక పేరు రాలేదని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోవటమే ఆమెను ఎక్కువ కాల్చింది. తిట్టినా బాగుండేది. ఐదేళ్లు ఆ గదిలో కూర్చున్న మనిషి మీద చెప్పటానికి రెండు ముక్కలు లేవు.

అప్పటి నుంచి ఎనిమిదేళ్లు ఆమె రాబిన్సన్‌తో మాట్లాడలేదు. అతని గొంతు మాత్రం తప్పలేదు. ఊరికి కేబుల్ వచ్చింది. సాయంత్రం సినిమా మధ్యలో వచ్చే ప్రకటనల్లో చీరల దుకాణం గురించి, ఎరువుల దుకాణం గురించి అతనే చదివేవాడు. క్రిస్టినా లేచి వెళ్లి టీవీ గొంతు తగ్గించేది. అబ్బయ్య మళ్లీ పెంచేవాడు.

సోమవారం రాబిన్సన్ ఆమె ఎస్టీడీ బూత్‌కు వచ్చాడు. జట్‌పురా గేట్ దగ్గర ఉంటుంది ఆ బూత్. ఆమె గుడ్డతో బూత్ ముందరి అద్దం తుడుస్తోంది. లోపల కేబిన్‌లో ఒక పెద్దాయన గడ్‌చాందూర్‌కు మాట్లాడుతున్నాడు.

"ఒక లోకల్ కాల్ చేయాలె," అన్నాడు రాబిన్సన్.

"బయట రూపాయి ఫోను డబ్బా ఉంది."

"చిల్లర లేదు."

"ఎదురుంగ పాన్‌ఠేలాల ఇస్తరు."

అతను కదల్లేదు. "అమ్మ చెప్పింది," అన్నాడు. "సారీ."

"దేనికి?"

"నీకు కోపమొచ్చిందట గద."

"దేనికో తెల్వకుండ చెప్తే అది సారీ కాదు. దగ్గు."

"ఫిష్‌పాండ్ మీద ఇన్నేండ్లు కోపం పెట్టుకుంటరా ఎవలన్న?"

"పెట్టుకుంటరు. ముంగటనే ఉన్న, చూస్కో."

రాబిన్సన్ ఊపిరి తీసుకున్నాడు. దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాట అది. "రాద్దామని కూసున్న క్రిస్టినా. రాలే. అందరి దగ్గర నవ్వుకునేది ఒకటి దొరికింది. నీ దగ్గర దొరకలే. నువ్వు ఏం చేసినా నాకు మంచిగనే అనిపిస్తుండె."

చెప్పి, ఆమె ముఖం చూశాడు. అంతటితో అయిపోతుందనుకున్నాడు. ఆమె గుడ్డ కింద పెట్టింది.

"అంటే నేను గోడ మీద క్యాలెండర్‌నా?"

"గట్లనలే..."

"ఓంప్రకాష్‌ను చూసినవ్. చంద్రకళను చూసినవ్. వారంల రెండుసార్లు బడికొచ్చే రాజలింగును చూసినవ్. నీ ముంగటి బెంచీల కూసున్న నన్ను చూడలే. మంచిగ అనిపించిందట! ఎవలికి కావాలె? ఇప్పుడు నాలో ఒక్క వంక కనబడనోడు పెండ్లయినంక కనబడితే ఏం చేస్తడు? పోలీస్ స్టేషన్‌కు పోతడా?"

కేబిన్‌లో పెద్దాయన ఫోను చెవి నుంచి తీసి వింటున్నాడు.

"కాకా, బిల్లు పెరుగుతుంది," అన్నది ఆమె అటు తిరిగి.

"పెరగనీ పోరీ. గిది కానీ ముందు."

రాబిన్సన్ గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "వంకలు కావాలె నీకు?"

"ఉంటే చెప్పు."

"ఉన్నయ్," అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఏవో చెప్పకుండా వెళ్లినందుకు ఆమెకు ఇంకా కోపం వచ్చింది. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచింది.

గురువారం చంద్రకళ వచ్చింది. పెళ్లయి బల్లార్‌పూర్‌లో ఉంటుంది. బూత్‌లోకి వస్తూనే తలుపు మూసింది. "అనంతరావు సర్ రిటైర్ అవుతుండు. శనివారం మన బ్యాచ్ అంత బడికి పోతున్నం. మళ్ల ఫిష్‌పాండ్ పెట్టిండ్రు. నీ మీద రాబిన్సన్ రాస్తుండటనే. ఎవ్వలికి చెప్పొద్దన్నడు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

"నువ్వు పరాయిదానివా?"

"నేను రాను."

"రాకు. నువ్వు రావేమో అని కూడ అన్నడు."

శనివారం పొద్దున క్రిస్టినా చీర ఇస్త్రీ చేసుకుంది. ఇస్త్రీ ఎందుకు చేసినట్టని తన మీద తనకే కోపం వచ్చి, ఆ చీర మడిచి పెట్టేసి వేరేది కట్టుకుంది. రాబిన్సన్‌ను అందరి ముందు నిలబెట్టి అడగాలని వెళ్లింది.

బడి హాలులో ఫ్యాను తిరుగుతోంది. కుండ మధ్యలో ఉంది. ఓంప్రకాష్ ఇప్పుడు కిరాణా పక్కనే ఫ్రిజ్‌ల షోరూం పెట్టాడు. సర్‌కు శాలువా కప్పి, "ఇంకేం ఇయ్యాలె సర్?" అని నాలుక కరుచుకున్నాడు. సగంలో రాజలింగు వచ్చాడు. చేతిలో మోటార్ సైకిల్ తాళంచెవి ఉంది.

"ప్యాసింజర్ లేటా?" అన్నారు అనంతరావు సర్.

"అవును సర్," అన్నాడు రాజలింగు.

రాబిన్సన్ గాలంతో చీటీలు తీసి చదువుతూ పోయాడు. అన్నీ మరాఠీలో. చివరి చీటీ తీసి, విప్పకుండా పట్టుకున్నాడు.

"ఇది తెలుగుల చెప్పాలె సర్. ఈమె తిట్టేది తెలుగులనే."

మరాఠీ వాళ్ల మధ్యకు చంద్రకళ కుర్చీ జరుపుకుంది. క్రిస్టినా లేచి నిలబడింది. నవ్వాలో మూతి ముడవాలో ఈసారి అనుకోలేదు. మూతి ముడిచే ఉంది.

"ఈమెకు సారీ చెప్పాలంటే హోంవర్క్ చేస్కొని పోవాలె," అన్నాడు రాబిన్సన్. "దేనికని అడుగుతది. లెక్క సరైతే తనది, తప్పయితే సర్‌ది. టిఫిన్ డబ్బాల గుడ్డు సగం పెడుతది, మంచిగున్నదని చెప్పేదాక చేయి వదలది. జట్‌పురా గేట్ కాడ అన్ని దుకాణాల అద్దాల మీద బొగ్గు మసి ఉంటది. ఈమె బూత్ అద్దం మీద ఉండది. సాఫ్ ఉండాలని కాదు. కోపమొచ్చినప్పుడల్ల తుడుస్తది. నేను రోజు ఎదురుంగ పాన్‌ఠేలా కాడ నిలబడి ఆ అద్దం చూస్త. మసి ఉంటే లోపలికి పోదామని. బూత్ పెట్టినప్పటి సంది ఒక్కనాడు లేదు."

సగం హాలు నవ్వింది. చంద్రకళ మరాఠీలో చెప్పాక మిగతా సగం నవ్వింది.

కోపం తెచ్చుకోకూడదన్నది నియమం. క్రిస్టినా చెవులు వేడెక్కాయి. అందులో ఒక్క మాట అబద్ధమని అనటానికి వెతికింది. దొరకలేదు. గుడ్డు సగం ఎవరికి పెట్టానా అని ఆలోచించింది. క్లాసులో ఎవరికో. అతనికే.

"ఝాలం?" అన్నారు అనంతరావు సర్. అయిపోయిందా అని. కుండ బోర్లించారు. ఏమీ పడలేదు. జనం సమోసాల వైపు లేస్తున్నారు.

ఆమె ఆ బోర్లించిన కుండను చూసింది. తరువాత గాలపు కర్రను చూసింది. అది అతని చేతిలోనే ఉంది. అప్పుడూ అతని చేతిలోనే ఉంది.

"కాలే సర్," అన్నది.

"ఎవరిది?"

"రాబిన్సన్‌ది. అప్పుడు కూడ కాలే."

లేచినవాళ్లు ఆగారు. ఓంప్రకాష్ రాజలింగు వైపు చూశాడు. రాజలింగు నేల వైపు చూశాడు.

"రాసేటోని మీద ఎవలు రాస్తరు?" అని రాబిన్సన్ నవ్వాడు. నవ్వుతూ చేతిలో చీటీని మడిచిందే మళ్లీ మడిచాడు.

క్రిస్టినాకు ఆ గదిలో అందరి మీదా కోపం వచ్చింది. ఇన్నేళ్లు ఒక్క చీటీనే లెక్కపెట్టుకున్న తన మీద కూడా వచ్చింది.

"ఆ కర్ర కింద పెట్టు," అన్నది. "చక్కగ నిలబడు. రూలు తెలుసు గద, కోపం తెచ్చుకోవద్దు."

అతను కర్ర కింద పెట్టాడు.

"ఇతను ఊరందరి గురించి మాట్లాడుతడు. చీరల దుకాణం గురించి, ఎరువుల దుకాణం గురించి రోజు టీవీల మాట్లాడుతడు. తన గురించి ఒక్క మాట చెప్పాలంటే మాత్రం వాళ్లమ్మను పంపుతడు."

అనంతరావు సర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆమె ఆగలేదు.

"పాన్‌ఠేలా కాడ నిలబడుతడు, పాన్ తినడు. ఒక రోడ్డు దాటనీకి ఏండ్లకేండ్లు. రాజలింగు చెప్పే ప్యాసింజరన్న ఏదో ఓనాడు వస్తది. నాల వంకలే దొరకలే అంటడు, వంకలన్ని నోటికి నేర్చుకొని వస్తడు. ఇసోంటోని సంబంధం నేను వద్దన్న. మళ్ల అడగాలంటే వాళ్లమ్మ రావద్దు. తనే రావాలె. చిల్లర తెచ్చుకోవాలె."

చెప్పి కూర్చుంది. చంద్రకళ ఇది మరాఠీలో చెప్పలేదు. చెప్పే అవసరం కనబడలేదు. ఈలలు మొదలయ్యాయి.

మర్నాడు ఆరాధన అయ్యాక మంగతాయి చర్చి మెట్ల మీద బాలమ్మను ఆపింది. "ఆనాడు చాయ్ తాగలే వదినా. బాకీ ఉన్నది."

"దా. కొత్తది పెడ్త."

"చాపల చెరువు సంగతి ఏమాయె?" అన్నాడు వెనక నుంచి అబ్బయ్య. ఆడవాళ్లిద్దరూ అప్పటికే మెట్లు దిగిపోయారు.

సోమవారం క్రిస్టినా బూత్ తెరిచింది. గుడ్డ మేకుకు వేలాడుతోంది. దాన్ని ముట్టుకోలేదు. బొగ్గు లారీలు పోతున్నాయి. మధ్యాహ్నానికి అద్దం మీద మసి పట్టింది. పాన్‌ఠేలా అతను రోడ్డు అవతలి నుంచి, "ఏంది అక్కా, పాణం బాగలేదా? అద్దం తుడవలే?" అని అరిచాడు.

అతని పక్కన రాబిన్సన్ నిలబడి ఉన్నాడు. అద్దం చూశాడు. లారీ పోనిచ్చి రోడ్డు దాటాడు. లోపలికి రాలేదు. బయట రూపాయి డబ్బా దగ్గర ఆగి, రూపాయి వేసి, నంబరు తిప్పాడు.

బూత్ లోపల ఫోను మోగింది. క్రిస్టినా ఎత్తింది. మసి అద్దానికి అవతల అతని వీపు కనిపిస్తోంది.

"సారీ," అన్నాడు.

"దేనికి?"

"మొదటిది, పదో తరగతిల..."

"ఆగు." ఆమె కుర్చీ లాక్కొని కూర్చుంది. "రూపాయికి మూడు నిమిషాలే వస్తయ్. చిల్లర ఎంత తెచ్చినవ్?"

"జేబు నిండ."

"ఇగ చెప్పు," అన్నది.