పగిలిన పలకలో ఉక్కు ఎక్కడ?

ఇంజనీరమ్మాయి నేరపరిశోధకురాలి గదిలో కుర్చీలో కూర్చుందన్నమాటే గాని, వీపు వెనక్కి వాల్చలేదు. కాంక్రీటు పలకలు పోసే కర్మాగారంలో ఆమెది పరీక్షల విభాగం. ఆమె తయారుచేసిన కొత్త మిశ్రమంతో పోసిన మొదటి పెద్ద పలక ఈ చివరినుంచి ఆ చివరికి పగిలింది. అందులో వేయాల్సిన ఉక్కు తీగముక్కలు మాయం చేశాడంటూ, మిక్సర్ నడిపే ఆమె బాబాయిని యజమాని అందరి ముందూ దొంగ అని గెంటేశాడు. ఎల్లుండి అదే మిశ్రమంతో ఆసుపత్రి నీళ్ల ట్యాంకుకు కప్పు పోయాలి.

"బాబాయి దొంగ కాడండీ. కానీ పలక ఎందుకు పగిలిందో నాకూ తెలియదు. తెలియకుండా ఆ కప్పు ఎలా పోయనిస్తాను?"

పరిశోధకురాలు కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఉక్కు ఉన్నాక కాంక్రీటు ముడుచుకోవడం ఆగదా అని ఆరా తీసింది. ఆగదట. అంచులు బిగించిన పలక ముడుచుకుంటే ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. తీగముక్కలు ఆ చీలికను రెండువైపులా పట్టుకుంటాయి. అప్పుడు ఒక పెద్ద పగులుకు బదులు వెంట్రుకల్లాంటి గీతలు పడి ఊరుకుంటాయి.

పరిశోధకురాలి సహాయకుడు ఇక దొంగసరుకు కొనేవాళ్ల వెంట పడాలనుకున్నాడు. ఆవిడ మాత్రం తిన్నగా కర్మాగారానికి వెళ్లి, పగిలిన పలక దగ్గరికి నడిచింది.

పక్కనే చిన్న దిమ్మె ఉంది. అదే మిక్సర్‌లోంచి, అదే విడతలో పోసింది. సహాయకుడు దానిపై చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. వేలికొసన రక్తపుచుక్క. పగిలిన పలక మాత్రం అద్దంలా నున్నగా ఉంది. తాపీ పట్టినవాళ్లందరి వేళ్లకూ పట్టీలున్నాయి.

పోత పనికి సూపర్‌వైజరు యజమాని అల్లుడే.

"ఈ పలకను నున్నగా చేసింది ఎవరు బాబూ?" అని ఆవిడ అతన్ని అడిగింది.

"నేనేనండీ. మామయ్యగారు చూడ్డానికి వస్తారని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు," అంటూ అరచేతులు చాపి చూపించాడు. ఒక్క గీతయినా లేదు.

ఆవిడ పలకను నిలువునా కోయించి, బాబాయితో సహా అందరినీ దాని చుట్టూ నిలబెట్టింది. సహాయకుడు దారానికి కట్టిన అయస్కాంతాన్ని కోసిన ముఖం దగ్గర వేలాడదీశాడు. పైఅంచు దగ్గర అది కదల్లేదు. కిందికి దించగానే టక్కున అతుక్కుంది.

"దొంగతనం జరగలేదు. ఉక్కంతా అడుక్కి దిగిపోయింది," అందావిడ.

"ఈ మిశ్రమం జిగురులా ఉంటుందండీ, తీగలు మునగవు. నీళ్లు కలిపితే తప్ప..." ఇంజనీరమ్మాయి మధ్యలోనే ఆగిపోయింది.

"కలిపారు. పైగా కాంక్రీటు సర్దుకునేలా కుదిపే వైబ్రేటర్‌ను అతిగా ఆడించారు. నీళ్లెక్కువై ముడుచుకోవడం పెరిగింది, పట్టుకోవడానికి పైన ఉక్కు లేదు. మిక్సర్‌లోనే నీళ్లు పడి ఉంటే దిమ్మె కూడా ఇలాగే ఉండేది. దాని ఉక్కు మావాడి వేలికి తెలుసు. అంటే నీళ్లు పడింది అచ్చులోకి వచ్చాక. అచ్చు దగ్గర ఎవర్నీ ముట్టుకోనివ్వనిది ఒక్కరే. తాపీ పట్టినా ఆయన చేతికి గీత పడలేదు."

అల్లుడు తల దించుకున్నాడు. అంతకుముందు నమూనా మీద మామగారి చెయ్యి గీరుకుందట. ఇలాంటి గరుకు సరుకు గేటు దాటితే ఊరుకోనని ఆయన మండిపడ్డారట.

"మళ్లీ మాట పడలేక, పైన నున్నగా రావాలని నీళ్లు పోశానండీ. పగిలాక నోరు పెగల్లేదు."

మిశ్రమంలో లోపం లేదు, కప్పు పోయొచ్చని ఇంజనీరమ్మాయి మెల్లగా చెప్పింది. యజమాని బాబాయితో, రేపటినుంచి పనిలోకి రమ్మన్నాడు.

"వస్తానండీ. కానీ దొంగ అని అందరి ముందూ అన్నారు. కాదని కూడా అందరి ముందే అనండి."

యజమాని యంత్రాలు ఆపించి, గేటు దగ్గరి కాపలావాణ్ణి కూడా పిలిపించాడు. బాబాయి దొంగ కాదని వాళ్లందరి ముందూ చెప్పాడు.