ఎవలి కోడలో గని

దగ్గరికి జరగండి బిడ్డా. చేతుల్లో ఫోన్లుంటే కాసేపు బోర్లా పెట్టండి, అవి ఎక్కడికీ పోవు. ఇది మా బెల్లంపల్లిలో, మా గోడ పక్కింట్లో జరిగిన ముచ్చట. గోడ అంటే మీ ఇళ్ల గోడ అనుకునేరు. కంపెనీ క్వార్టర్ల గోడ అది. అవతల తాలింపు పెడితే ఇవతల తుమ్మొస్తుంది. ఇక అవతల ఉన్నది దశరథం లాంటి గొంతున్న మనిషైతే చెవుల్లో దూది పెట్టుకున్నా లాభం లేదు.

దశరథం ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేశాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. లోపల గాలి పంకాల హోరులో అరిస్తే తప్ప మాట వినబడదు. బయటికొచ్చి ఏళ్లు గడిచినా ఆ అరుపు గొంతు మాత్రం అలాగే మిగిలిపోయింది. వాడలో పిల్లలు దొరికితే చాలు, కూర్చోబెట్టి బాయి సంగతులు చెప్పేవాడు. కొత్త చోట అడుగు పెట్టే ముందు కడ్డీతో పైన కొట్టి చప్పుడు వినాలట. గట్టి బండైతే ఖంగుమంటుందట, లోపల డొల్ల ఉంటే తడిసిన డప్పులా మొద్దుగా పలుకుతుందట. చప్పుడు వినకుండా అడుగేసినవాడు ఇల్లు చేరడని చెప్పి, అలాంటి ఇద్దరు ముగ్గురిని తలచుకుని ఊరుకునేవాడు.

అలాంటి మనిషికి కొడుకు సుధాకర్ పెద్ద ఫోను కొనిపెట్టాడు. తను షిఫ్టుకు పోతే తండ్రికి పొద్దు గడవదని, భజనలు వింటాడని అనుకున్నాడు పాపం. దశరథం కొన్నాళ్లు భజనలే విన్నాడు. తర్వాత రాజకీయాల్లో పడ్డాడు. ముఖం తెలియని మనుషులతో, ఊరు తెలియని మనుషులతో పొద్దున లేస్తే కొట్లాట. పింఛన్లు ఎవరికివ్వాలి, ఏ పార్టీ దేశాన్ని ముంచింది, ఈ కాలపు పిల్లలు ఎందుకు చెడిపోయారు, అన్నిటికీ అతని దగ్గర జవాబుండేది. వేళ్లతో రాయడం చేతకాదు కాబట్టి మైకు గుర్తు నొక్కి మాట్లాడేవాడు, ఫోనే రాసుకునేది. అలా మా వరుస ఇళ్లన్నిటికీ దేశం సంగతులు పొద్దున్నే తెలిసిపోయేవి. ఫోనులో అతని పేరు దశరథం కాదు, ‘బొగ్గుపులి’. ఫోటో కూడా పులిదే.

పులి ముందుగాల పాల ప్యాకెట్ తెచ్చి, తర్వాత ఎంత గర్జిస్తదో గర్జించుమను అని అతని భార్య పోచవ్వ మా గోడకు వినబడేలా అనేది. నాకు నవ్వొచ్చేది.

ఆ ఇంట్లో నవ్వులు తక్కువైపోయిన కాలం అది. పోచవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మంచిర్యాల దవాఖానకు పోయి, మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. దాహమేసినా చిన్న గ్లాసు లెక్కనే నీళ్లు. పొద్దున్నే వంట ముగించి ఆమెను బస్సెక్కించి తీసుకుపోయేది, సాయంత్రం మళ్లీ పట్టుకుని తెచ్చేది కోడలు కోమలే. ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేకపోవడం ఆ ఇంటికి పెద్ద ఆసరా. దశరథం ఒక్కసారి కూడా వెంట పోలేదు. మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు అనేవాడు. మంచం అంచున పూటంతా ఫోనుతో కూర్చోవడానికి మాత్రం ఆ మోకాళ్లే బాగా పనికొచ్చేవి.

ఒక పొద్దున ఏం జరిగిందంటే, కోమల వంటింట్లో జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమె చేతి చప్పుడు నాకు అలవాటు. రెండు చేతులా తప్పెట కొట్టినట్టు ఒకే తీరుగా పడుతుంది. దశరథం కళ్లజోడు సవరించుకుని ఫోనులో ఏదో వార్త పేరు కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. మంచిర్యాల బస్సులో సీటు కోసం మహిళ రచ్చ అని ఉందట. కింద వీడియో ఉంది. దాని జోలికి పోలేదు. బొటనవేలితో గబగబా కిందికి, జనం తిట్టుకునే చోటికి దిగిపోయి మైకు నొక్కాడు.

"ఫిరి బస్సులొచ్చినంక ఇంట్ల పనిలేని ఆడోళ్లందరు రోడ్ల మీదనే ఉంటున్నరు. పైసలియ్యకుండ ఎక్కుడు, పైనుంచి సీటు గావాల్నని లొల్లి. ఎవలి కోడలో గని, గా ఇల్లు మునిగినట్టే. కట్టుకున్నోని నసీబు ఖరాబ్."

రొట్టె చప్పుడు ఆగిపోయింది.

నేను ఇవతల బియ్యం ఏరుతున్నాను. చప్పుడు ఎందుకు ఆగిందా అనుకున్నాను. కాసేపటికి మాడు వాసన వచ్చింది. పోచవ్వ మంచం మీది నుంచి కోమలా, కోమలా అని రెండుసార్లు మెల్లగా పిలిచింది. దశరథానికి ఇవేవీ వినబడలేదు. అతను రాసిన మాటను మెచ్చుకుంటూ బొటనవేలి గుర్తులు వచ్చి పడుతుంటే చూసుకుని మురిసిపోతున్నాడు.

ఒక్కడు మాత్రం మెచ్చుకోలేదు. సాయిచంద్ అని ఎవరో పిల్లగాడు. పెద్దాయనా, వీడియో చివరిదాకా చూసి మాట్లాడండి అని రాశాడు. అంతే, బొగ్గుపులికి కోపమొచ్చింది. నీకు ఏ పార్టీ పైసలిచ్చింది, నీకు తల్లిదండ్రులు బుద్ధి చెప్పలేదా అని మొదలుపెట్టాడు. వాడు ఎన్నిసార్లు తిట్టించుకున్నా అదే మాట అడిగేవాడు, చూశారా అని. ఇతను అదొక్కటి తప్ప అన్నీ చెప్పేవాడు. నాలుగైదు రోజులు మా వాడంతా ఆ ఒంటిచేతి కొట్లాట విన్నాం. తిట్టు తిట్టుకూ ఆ బస్సులో ఆడమనిషి మరింత చెడ్డదైపోయింది. చూడనిదాని నడక గురించి, పెంపకం గురించి కూడా చెప్పాడు.

అన్ని రోజులూ కోమల తలెత్తలేదు. కూరగాయల బండి దగ్గరికి రావడం మానేసింది. దవాఖానకు పోయేటప్పుడు కొంగు ముక్కు మీదికి లాక్కుని బస్సెక్కేది. అత్తకు సీటు దొరకకపోయినా ఎవరినీ అడిగేది కాదు, తన భుజం ఆనించి నిలబెట్టుకునేది. మొగుడు ఏమైందని అడిగితే ఎండదెబ్బ అని చెప్పింది.

ఆ తర్వాతి దవాఖాన రోజున పోచవ్వ మంచం దిగలేదు. కోమల సంచి సర్ది, అత్త చెప్పులు గడప దగ్గర పెట్టింది. పోచవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటికే పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఒక్కసారి తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుందని డాక్టరు చెప్పిన సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బస్సు వేళ దాటిపోతోంది. దశరథం ఫోను పక్కన పెట్టి లేచాడు.

"ఎందుకు పోవు? నీకేమన్న పిచ్చా? పైసలు గూడ అక్కర్లేకపాయె బస్సుకు."

"గందుకే పోను," అంది పోచవ్వ. "ఫిరి బస్సులెక్కేది ఇంట్ల పనిలేనోళ్లని నువ్వే అన్నవు. వాడంత ఇన్నది."

"నిన్ను అన్ననా? ఎవతో బస్సుల లొల్లి పెట్టుకున్నదాన్ని అన్న."

"ఎవతో?"

వంటింటి గడపలో నిలబడ్డ కోమల, వద్దత్తా అంది. పోచవ్వ చేయి అడ్డం పెట్టింది. "నువ్వు ఊకో బిడ్డ. నీ మాట ఇని గిన్ని దినాలు నోరు కుట్టుకున్న." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏదీ, గా ఆడామె మొఖం నాకు చూపియ్యి. ఎట్లుంటదో చూస్త. నువ్వు చూసినవు గద?"

"చూడకుండ ఎట్ల..." అని మొదలుపెట్టాడు.

ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు చోట నొక్కాడు. చివరికి ఆ వీడియో కదిలింది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఒకడు సీట్లో కూర్చుని, టికెట్ కొన్నోళ్లం మేం, ఫిరీగ ఎక్కినోళ్లు నిలవడాలె అంటున్నాడు. అతని ముందు చెమటతో జుట్టు నుదుటికి అంటుకున్న ఆడమనిషి వెనక్కి తిరిగి నిలబడి గొంతు చించుకుంటోంది. ఆమె ఇటు తిరిగింది. కోమల. చెయ్యి చూపిస్తూ, రక్తం కడిగిచ్చుకొని వస్తున్నదన్నా, కాళ్లు నిలుస్తలేవు, జర లేవరాదే అంటోంది. ఫోను పట్టుకున్నవాడు చెయ్యి కిందికి దించాడు. అక్కడ, మనుషుల కాళ్ల మధ్య, బస్సు నేల మీద ఎవరో కూలబడి ఉన్నారు. ముఖం కనబడదు. ఒక చెయ్యి మాత్రం కోమల చీర కుచ్చిళ్లను పిడికిట పట్టుకుని ఉంది. మణికట్టు పైన తెల్ల కట్టు. కట్టుకు దిగువన తేలు పచ్చబొట్టు.

ఆ తేలును పెళ్లయిన కొత్తలో పోచవ్వ చేతికి దశరథమే జాతరలో పక్కన కూర్చుని పొడిపించాడు. నొప్పికి ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట. పోచవ్వ నాకు వందసార్లు చెప్పింది.

వీడియో అయిపోయింది. దశరథం ఫోను వైపే చూస్తున్నాడు. గొంతు ఎక్కడికి పోయిందో, మా గోడకు ఏమీ వినబడలేదు. ఏమైనా అయిందా అని నేనే లేచి వాళ్ల గుమ్మం దాకా పోయాను. అతను మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కోమల మాత్రం ఏడవలేదు. గడప దాటి వచ్చి మెల్లగా చెప్పింది.

"లొల్లి పెట్టుకున్నది నిజమే మామా. అత్త కూలవడ్డది, నాకు ఏం సమజ్ గాలే. నువ్వు తెల్వక అన్నవని నాకెరుకే. తెలిస్తె నీకే సిగ్గయితదని అత్తను చెప్పద్దన్న. గని, ఎవలి కోడలో అన్నవు చూడు. గప్పుడు నేను రొట్టె పట్టుకోని నీ ఎన్కనే ఉన్న. జవాబు నోటి దాక వచ్చింది, బయటికి రాలే."

దశరథం ఏమనుకున్నాడో, గబుక్కున ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. మైకు నొక్కాడు. "నేను బెల్లంపల్లి దశరథాన్ని. నేను గా దినం అన్న మాట..."

"మామా," అంది కోమల. "ఫోన్ల తర్వాత చెప్పు. ముందుగాల ఇటు తిరిగి చెప్పు."

తిరగడానికి అతనికి చాలాసేపు పట్టింది. కొండను తిప్పినట్టు తిరిగాడు. అంత గొంతున్న మనిషి గుసగుసగా చెప్పాడు.

"ముప్పై ఏండ్లు రూఫు కొట్టి చూడకుండ అడుగు పెట్టలే బిడ్డా. గీ ఫోన్ల ఒక్కపారి గూడ కొట్టి చూడలే. ఇంట్ల నీ రొట్టె సప్పుడు ఆగింది గూడ ఇనలే. నువ్వు నా కోడలివి. నా ఇల్లు నిలవెట్టినదానివి. నన్ను మాఫ్ చెయ్యి."

కోమల అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. పోచవ్వ ఉబ్బిన కాళ్లు కిందికి దించి, ఏడ్చుడు బస్సుల ఏడుద్దురు గని చెప్పులియ్యండి, నాకు ఆయాసమస్తున్నది అంది. దశరథం వంగి చెప్పులు తనే తొడిగాడు.

ఆ రోజు ముగ్గురూ పోయారు. మోకాళ్లు పట్టుకుని, కమ్మీ పట్టుకుని అతను బస్సు మెట్లెక్కాడు. ముగ్గురిలో టికెట్ కొన్నది అతనొక్కడే. ఎవరో పిల్లగాడు లేచి, తాతా కూర్చో అంటే పోచవ్వను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. దారంతా బస్సులో ప్రతి ముఖాన్నీ చూస్తూనే ఉన్నాడట. వీళ్లలో నేనెవరిని తిట్టానో, నేను తిట్టిన వాళ్ల తల్లులు వీళ్లలో ఎవరో అని అనుకున్నాడట. ఆ మాట నాకు పోచవ్వ చెప్పింది, ఆమెకు అతను మిషను పక్కన కూర్చుని చెప్పాడు. ఆమె రక్తం గొట్టంలో తిరుగుతుంటే అతను చూడటం అదే మొదలు.

సాయంత్రం వచ్చాక పులి ఫోటో తీసేశాడు, సుధాకర్‌తో అసలు పేరు పెట్టించాడు. ఆ తండ్రీకొడుకుల మధ్య ఏ మాట నడిచిందో మాకు వినబడలేదు, వినే ముచ్చట కూడా కాదు. పాత మాటలు తుడిపేశాడు. కానీ ఆ మాటలు పట్టుకుని ఎక్కడెక్కడో ఎందరో నవ్విన నవ్వు తుడపడం అతని చేతిలో లేదు కదా. ఆ సిగ్గు ఇంకా అతని ముఖం మీద అప్పుడప్పుడు కనబడుతుంది. కోమల ఏదైనా గిన్నె అందిస్తుంటే చూపు దించుకుంటాడు.

సాయిచంద్‌కు కూడా జవాబు చెప్పాడు. ఆ బస్సులోనిది నా కోడలు, కింద కూర్చున్నది నా భార్య, నేను చూడకుండా అన్నాను అని మైకులో మెల్లగా చెప్పాడు. ఆ పిల్లగాడు ఇక తిడతాడనే అనుకుని ఫోను దూరంగా పెట్టి కూర్చున్నాడు. వాడు ఒక్క మాట రాశాడు. ‘అమ్మకు ఇప్పుడు ఎట్లుంది?’

దశరథం ఆ మాటను కూడబలుక్కుని పైకి చదివాడు. తర్వాత కొంగు లేని మనిషి కాబట్టి భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను ఇవతల బియ్యం చెరుగుతుంటే అవతల రొట్టె చప్పుడు మొదలైంది. మధ్యలో కాసేపు ఆగింది. దశరథం చప్పున, "కోమలా, ఏమైంది బిడ్డా?" అని అడిగాడు.

"ఏం లేదు మామా. పిండి అయిపోయింది, డబ్బల నుంచి తీస్తున్న."

చప్పుడు మళ్లీ మొదలైంది.

అదీ బిడ్డా ముచ్చట. గుర్తు పెట్టుకోండి. మీ ఇంట్లో వాళ్లకు, మీ దోస్తులకు, ఆ ఫోన్లలో ముఖం తెలియని మనుషులకు కూడా చెప్పండి. ఎవరు చెప్పారని అడిగితే నా పేరు చెప్పకపోయినా ఫికర్ లేదు. ఒక్కటే అడుగుతాను, సగం చెప్పి ఆపకండి. చివరిదాకా చెప్పండి.